క్యాసెట్లు అమ్మిన అమ్మాయి నిలబెట్టిన హాలు: బఫెలోలోని బేబ్‌విల్

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు అసలు మాట ముందే చెప్పేస్తాను. పాట అంటే ఇష్టం ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో సొంతంగా పాటలు కట్టుకుంటూ తిరిగే పిల్ల ఉన్నవాళ్లు, డెలవేర్ ఎవెన్యూ, టప్పర్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉన్న బేబ్‌విల్‌కు తప్పకుండా వెళ్లండి. పైన పెద్ద హాలు ఉంది, చాలా అందమైన హాలు. కింద నేలమాళిగలో చిన్న గది ఉంది. రెండిట్లో నా ఓటు చిన్న గదికే. ఎందుకో చెప్పాలంటే ఈ భవనాన్ని ఎవరు నిలబెట్టారో, ఆ మనిషి చిన్నప్పుడు ఎలా పెరిగిందో చెప్పాలి.

నేను విజయనగరం మనిషిని. ఇక్కడ ఆమ్‌హర్స్ట్‌లో పిల్లలకు కర్ణాటక గాత్రం నేర్పుతాను. మనవాళ్లు చాలామంది డౌన్‌టౌన్‌కు వెళ్తూ ఈ భవనం ముందు నుంచే పోతారు, చర్చి అనుకుని చూసీ చూడనట్టు దాటేస్తారు. నిజానికి అది చర్చే. 1870లలో కట్టిన మెథడిస్టు చర్చి, ఎర్రటి మెడీనా రాయితో. మెడీనా అంటే ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఊరు. ఈరీ కాలువ పక్కన ఉన్న అక్కడి గనుల రాయి ఈ ప్రాంతంలో చాలా పాత కట్టడాల్లో కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ప్రార్థనలకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. 1990లలో గోపురం నుంచి రాళ్లు ఊడి పడుతుంటే, కూల్చేయడమే మేలనే దాకా వచ్చింది వ్యవహారం. అప్పుడు ఊళ్లోవాళ్లు కొందరు అడ్డుపడ్డారు. తర్వాత ఒక పాటల కంపెనీ ముందుకొచ్చి, దాదాపు కోటి డాలర్ల ఖర్చుతో బాగు చేయించింది. హాలును వెచ్చగా, చల్లగా ఉంచడానికి భూమిలోకి బావులు తవ్వి, నేల లోపలి వేడిని వాడే ఏర్పాటు చేశారు. ఇంత పాత రాతి కట్టడంలో ఆ పని చేయించడం చిన్న విషయం కాదు.

ఆ పాటల కంపెనీ పేరు రైచస్ బేబ్ రికార్డ్స్. దాన్ని పెట్టింది ఆనీ డిఫ్రాంకో. బఫెలో అమ్మాయి, 1970లో ఇక్కడే పుట్టింది. తన పాట తానే రాసి, తానే వరస కట్టి, తానే గిటార్ వాయిస్తూ పాడుతుంది. ఇరవై ఏళ్లు కూడా నిండకముందే పాటల కంపెనీ పెట్టి, ఇప్పటి దాకా ఏ పెద్ద కంపెనీకీ సంతకం పెట్టని మనిషి.

ఆమె బాల్యంలో నన్ను బాగా పట్టేసిన విషయం ఒకటుంది. తొమ్మిదేళ్లప్పుడు ఆమె చేతికి గిటార్ వచ్చింది. ఆ రోజుల్లోనే మైకేల్ మెల్డ్రమ్ అనే పాటగాడితో పరిచయమైంది. ఆయన బఫెలోలో పాడుతూ, గిటార్ చెబుతూ, న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ నుంచి పాటలు కట్టేవాళ్లను ఇక్కడికి పిలిపించి కచేరీలు పెట్టించేవారు. పిల్లకు పాఠం చెప్పి ఇంటికి పంపేసి ఊరుకోలేదు. తనతో పాటు కచేరీలకు తీసుకెళ్లి, తన పక్కన నిలబెట్టి పాడించారు. బయటి నుంచి వచ్చిన పాటగాళ్లు కొందరు ఆనీ వాళ్లింట్లోనే బస చేసేవారట. సుజాన్ వేగా లాంటివాళ్లన్నమాట. తొమ్మిదీ పదేళ్ల పిల్ల తెల్లారి లేచేసరికి ఇంట్లోనే పాటలు రాసే మనిషి కనిపిస్తే, పాట రాయడం ఎక్కడో పెద్దవాళ్లు చేసే పని అనిపించదు కదా. పాటలు రాసేవాళ్లూ మనలాగే పొద్దున్నే కాఫీ తాగే మనుషులే అని ఆ పిల్లకు తెలిసిపోయింది.

పాఠం చెప్పే మనిషిని కాబట్టి నాకు ఇది మామూలు విషయంగా తోచదు. మా ఊళ్లో ఘంటసాలగారి కథ చెప్పుకుంటారు. సంగీతం కోసం విజయనగరం వచ్చిన కుర్రాడిని పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి, డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఊరు అన్నం పెట్టింది, గురువు విద్య పెట్టారు. ఎంత ప్రతిభ ఉన్న పిల్లకైనా అలా చేరదీసే ఒక పెద్ద మనిషి కావాలి. ఇక్కడ మన పిల్లలకు క్లాసులు కావలసినన్ని ఉన్నాయి. గీతాలు, వర్ణాలు, ఆన్‌లైన్ పోటీలు, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. పిల్ల తనంతట తాను కట్టిన నాలుగు లైన్ల పాటను కూర్చుని చివరిదాకా వినే పెద్దవాళ్లే తక్కువ.

ఆనీకి పద్నాలుగేళ్లు వచ్చేసరికి సొంత పాటలు మొదలయ్యాయి. అమ్మానాన్నలు విడిపోయారు. తల్లి కనెక్టికట్‌కు వెళ్లిపోతే ఈ పిల్ల వెళ్లనంది. పదిహేనేళ్లకే చట్టప్రకారం తన బాధ్యత తానే తీసుకుని బఫెలోలో ఉండిపోయింది. బార్లలో పాడుతూ, కళల బడిలో చదువుతూ, పదహారేళ్లకు ఆ బడి చదువు ముగించింది. మా పెద్దమ్మాయికి ఇప్పుడు పద్నాలుగు. ఆ వయసులో పిల్ల ఒంటరిగా ఉండటం అంటే తల్లిగా నాకు గుండె పట్టేసినట్టవుతుంది. ఆ భాగాన్ని గొప్పగా చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు కూడా. ఊళ్లో ఆమెకు తెలిసిన పాటగాళ్లు, పాడుకునే గదులు ఉండబట్టి నిలబడగలిగిందని మాత్రం నమ్ముతాను.

తర్వాత న్యూయార్క్ వెళ్లి న్యూ స్కూల్‌లో సెకూ సుందియాటా అనే కవి దగ్గర కవిత్వం చదువుకుంది. పాడిన చోటల్లా విన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లడానికి టేపు ఉందా అని అడుగుతుంటే, ఉన్న కాస్త డబ్బుతో క్యాసెట్ చేయించింది. 1990లో వచ్చిన మొదటి ఆల్బమ్ అదే. కంపెనీ అంటే అప్పటికి ఆఫీసు లేదు, మనుషులు లేరు. ఒక పేరు, కారు వెనక సీట్లో క్యాసెట్ల పెట్టె, అంతే. తానే కారు నడుపుకుంటూ కాఫీ హౌసులు, కాలేజీలు, బార్లు, జానపద ఉత్సవాలు తిరిగింది. పాడిన తర్వాత తానే క్యాసెట్లు అమ్మింది. అవి విన్న పిల్లలు కాపీలు చేసి స్నేహితులకు ఇచ్చారు. మళ్లీ ఆ ఊరికి వెళ్లేసరికి గదిలో మనుషులు పెరిగేవారు. రేడియో, టీవీ లేకుండా ఊరి నుంచి ఊరికి అలా పాకింది ఆమె పేరు. 1997లో వచ్చిన రెండు సీడీల కచేరీ ఆల్బమ్, బాగా అమ్ముడైన ఆల్బమ్‌లకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది.

ఈ తిరుగుడు వెనక ఎంత కష్టం ఉందో ఆమె చేతులను చూస్తే తెలుస్తుంది. గిటార్ తీగలను అంత గట్టిగా మీటుతుంది కాబట్టి, కుడిచేతి వేళ్లకు అతికించుకునే గోళ్లు పెట్టుకుని, వాటి మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టుకుంటుంది. ఏళ్ల తరబడి అలా వాయించి, 2005లో చేతి స్నాయువుల వాపుతో (టెండనైటిస్) కచేరీలు ఆపి కొన్ని నెలలు విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. వీణ వాయించేవాళ్లను అడగండి, ఆ నొప్పి ఏమిటో చెబుతారు.

పెద్ద కంపెనీలు ఎన్నోసార్లు పిలిచాయి. వెళ్లలేదు. ఒక ఆల్బమ్ మీద ఆమెకు మిగిలేది పెద్ద కంపెనీల స్టార్లకు మిగిలేదానికంటే ఎక్కువని పత్రికలు లెక్కలు కట్టి మెచ్చుకున్నాయి. 1997లో మిజ్ అనే పత్రికకు ఆమె దాని గురించే ఉత్తరం రాసింది. నన్ను వ్యాపారవేత్తగా కాక పాటలు కట్టే మనిషిగా చూడండి అన్నది ఆ ఉత్తరం సారం. ఆ డబ్బు ఎటు పోయిందన్నది నాకు ముఖ్యం. సీడీలు చేయించడం, కవర్లు అచ్చు వేయించడం, టీషర్టుల ముద్రణ, ఇలాంటి పనులు బఫెలోలో ఉన్నవాళ్లకే ఇచ్చింది. ఫ్యాక్టరీలు మూతపడి జనం వెళ్లిపోతున్న ఊళ్లో ఆ పనులు కొందరి ఇళ్లల్లో పొయ్యి వెలిగించాయి. తనకు కవిత్వం చెప్పిన సెకూ సుందియాటా ఆల్బమ్‌ను 2000లో తన కంపెనీ నుంచే విడుదల చేసింది. శిష్యురాలు గురువుకు ఇచ్చుకున్న దక్షిణ అది. 2010లో ఆనాయిస్ మిచెల్ అనే మరో పాటల రచయిత్రి ఆల్బమ్ ఇక్కడి నుంచే వచ్చింది. ఆ పాటలే తర్వాత న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేకు వెళ్లి, 2019లో ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు గెలుచుకున్నాయి. ఆల్బమ్‌లో ఆనీ పాడిన పాత్రనే 2024లో ఆమె బ్రాడ్వే వేదిక మీద కూడా వేసింది.

ఇక హాలు సంగతి.

పైన ఉన్నదాన్ని ఆస్బరీ హాల్ అంటారు. మెట్లెక్కి లోపలికి వెళ్లగానే పైకప్పు ఎత్తు చూసి మా వారు నోరు తెరిచి నిలబడిపోయారు. రంగు అద్దాల కిటికీలు, చుట్టూ బాల్కనీ, ఎదురుగా వేదిక. నిలబడితే వెయ్యి మందికి పైగా పడతారు. అయినా వేదిక మరీ దూరంగా అనిపించదు. గొంతు, ఒకటీ రెండూ వాయిద్యాలు ఉన్న కచేరీకి ఈ హాలు బంగారం. పాట ఆగాక కూడా గొంతు ఒక్క క్షణం పైన తేలుతుంది. రాతి గోడల మధ్య గట్టిగా పాడక్కర్లేదని తెలిసిన పాటగాళ్లు ఇక్కడ ఎంత నెమ్మదిగా పాడతారో. డ్రమ్స్ జోరుగా ఉండే రాక్ బ్యాండ్లకు మాత్రం ఎత్తయిన రాతి కట్టడాల కంటే గుడ్డ తెరలు, తివాచీలు ఉన్న హాళ్లే నయమని నా అభిప్రాయం. అలాంటి కచేరీకి వెళ్తే బాల్కనీ కంటే కింద, వేదికకు ఎదురుగా ఉండండి. మాటలు వినబడాలనుకుంటే అదే మంచి చోటు.

2007 సెప్టెంబరులో ఆనీ తానే ఈ హాల్లో పాడింది. ఆ కచేరీలను చిత్రీకరించి డీవీడీగా కూడా తెచ్చారు. నేలమట్టం కావలసిన కట్టడంలో, ఒకప్పుడు ఇదే ఊరి బార్లలో పాడిన అమ్మాయి పాట. ఆ డీవీడీ చూసి వెళ్తే హాలు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇదే భవనంలో హాల్‌వాల్స్ అనే కళాకేంద్రం ఉంది. 1974లో బఫెలో కుర్ర కళాకారులు కొందరు కలిసి మొదలుపెట్టినది. సిండీ షెర్మన్, రాబర్ట్ లాంగో వాళ్లలో ఉన్నారు. కచేరీకి కాస్త ముందు చేరితే, గ్యాలరీ తెరిచి ఉంటే ఒకసారి తిరిగి రండి. నాకు అక్కడి బొమ్మలన్నీ అర్థం కావు. మా అమ్మాయి మాత్రం కదలదు.

ఇప్పుడు కింది గది. నైన్త్ వార్డ్ అంటారు. రాతి పునాది గోడలు, తక్కువ ఎత్తు పైకప్పు, ఒక పక్క బార్, ఒక పక్క చిన్న వేదిక. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గర. మేము వెళ్లిన రాత్రి ఈ ప్రాంతం అమ్మాయే ఒకామె ఒంటరిగా గిటార్‌తో పాడింది. పెద్ద పేరున్న మనిషి కాదు. ఒక్కో పాటకు ముందు తీగల శ్రుతి మార్చుకుంటూ, ఆ పాట ఎక్కడ పుట్టిందో రెండు మాటలు చెప్పి మొదలుపెట్టేది. కర్ణాటక కచేరీలో ఒక్కసారి శ్రుతి పెట్టుకుంటే మంగళం దాకా అదే. ఇక్కడ పాట పాటకూ తీగలే మారుతున్నాయి. మా పెద్దమ్మాయి నా చెయ్యి గిల్లింది.

"అమ్మా, ఆవిడ మెట్లు కాదు, తీగలే మార్చేస్తోంది. చూస్తున్నావా?"

"చూస్తున్నా. మాట్లాడకుండా విను."

కచేరీ అయ్యాక పాడినామె వెనకాల బల్ల దగ్గర కూర్చుని తన సీడీలు తానే అమ్ముకుంటోంది. మా అమ్మాయి సిగ్గుపడుతూనే వెళ్లి, మూడో పాటకు శ్రుతి ఎలా పెట్టారని అడిగింది. ఆమె ఓపిగ్గా ఒక కాగితం మీద ఆరు అక్షరాలు రాసిచ్చింది. డి, ఎ, డి, జి, ఎ, డి. గిటార్ వాయించేవాళ్లకు బాగా తెలిసిన శ్రుతే అది. ఆనీ కూడా మామూలు శ్రుతిని వదిలేసి రకరకాలుగా తీగలు బిగించి పాటలు కట్టిన మనిషే. నేను మనసులో డి ని షడ్జమం చేసి చూసుకున్నాను. స, ప, స, మ, ప, స. శుద్ధ మధ్యమం. మన తంబురాకు చాలా దగ్గరి బంధువు! కారులో అదే చెప్పాను.

"అయితే దీంట్లో మోహనం వాయించొచ్చా?" అంది.

"మోహనంలో మధ్యమం లేదు కదమ్మా, ఆ తీగ ముట్టుకోకు. ఆరభి కట్టి చూడు."

"ఆరభి కాదు, నా పాట కడతా."

కట్టింది. మంచు పడి బడికి సెలవిచ్చిన రోజు మీద, తెలుగులో, మధ్యలో రెండు ఇంగ్లీషు లైన్లతో. రెండో చరణంలో తాళం తప్పుతోంది, ఆ సంగతి నేను చెప్పలేదు. ముందు పాట పూర్తి కావాలి.

అందుకే నా ఓటు కింది గదికి అన్నాను. పైన వెయ్యి మంది మధ్య కూర్చుంటే పిల్లకు పాట నచ్చుతుంది, పాటగాడు నచ్చుతాడు. కింద కూర్చుంటే ఆ పని ఎలా చేస్తారో కళ్ల ముందే కనిపిస్తుంది. తీగ తెగితే ఏం చేస్తారు, మాట మరిచిపోతే ఎలా నవ్వి దాటేస్తారు, నలభై మందే వస్తే ఎలా పాడతారు, ఇవన్నీ చూడొచ్చు. మెల్డ్రమ్ తొమ్మిదేళ్ల పిల్లను తీసుకెళ్లిన గదులు ఇలాంటివే అయి ఉంటాయి. కోటి డాలర్లు పెట్టి గోపురం బాగు చేయించినవాళ్లు నేలమాళిగలో ఈ గదిని కూడా ఉంచారు. నాకు ఆ భవనంలో అన్నిటికంటే గొప్ప పని అదే అనిపించింది.

మా విజయనగరంలో 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పారు. అంత సంస్థ పెట్టాలంటే రాజు ఉండాలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇక్కడ క్యాసెట్లు అమ్ముకున్న పాటగత్తె కంపెనీయే ఆ పని చేసింది. ఇద్దరికీ దణ్ణం.

వెళ్లేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. యూబీలో, అంటే బఫెలో యూనివర్సిటీలో, చదివే పిల్లలకు కారు లేకపోయినా ఫర్వాలేదు. నార్త్ క్యాంపస్ నుంచి స్టాంపీడ్ అనే యూనివర్సిటీ బస్సులో సౌత్ క్యాంపస్‌కు వచ్చి, యూనివర్సిటీ స్టేషన్‌లో మెట్రో రైలు ఎక్కి, ఫౌంటెన్ ప్లాజాలో దిగితే అక్కడి నుంచి నడిచే దూరమే. రాత్రి చివరి రైలు వేళ ముందే చూసుకోండి. చలికాలంలో ఈరీ సరస్సు మీది గాలి డెలవేర్ ఎవెన్యూ మీద ముఖాన కొడుతుంది. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి. పైహాల్లో కొన్ని కచేరీలకు కుర్చీలు వేస్తారు, కొన్నిటికి నిలబడాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేటప్పుడు టికెట్ కొనేముందే ఆ వివరం చూడండి. పిల్లల వయసు నిబంధన కూడా కచేరీని బట్టి మారుతుంది, ముఖ్యంగా బార్ ఉన్న కింది గదికి. తిండికి పక్కనే అలెన్‌టౌన్ ఉంది, శాకాహారులకు కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

ధర విషయం. వేరే ఊళ్లో ఒక పెద్ద స్టేడియంలో కచేరీకి మేము నలుగురం వెళ్తే, టికెట్ల మీద రకరకాల ఫీజులు కలిపి ఒక నెల కిరాణా ఖర్చంత అయింది. చివరికి చూసింది పెద్ద తెరనే. నైన్త్ వార్డ్‌లో ఊరి పాటగాళ్ల కచేరీకి అందులో చిన్న వంతు చాలు. మిగిలిన డబ్బుతో పాడినవాళ్ల బల్ల దగ్గర ఆగి ఒక సీడీ కొనండి. ఇంట్లో సీడీ ప్లేయర్ లేకపోయినా కొనండి. రేపటి ఊరికి పెట్రోలు ఆ డబ్బుతోనే పోయించుకుంటారు వాళ్లు.

మా క్లాసు పిల్లల్లో సొంతంగా పాట కట్టినవాళ్లను, కట్టాలని ఉన్నవాళ్లను కింది గదిలో జరిగే ఒక కచేరీకి తీసుకెళ్లాలనుకుంటున్నాను, పిల్లలను రానిచ్చే రోజు చూసుకుని. రావాలనుకునే తల్లిదండ్రులు ముందుగా చెప్పండి. గది చిన్నది, టికెట్లు త్వరగా అయిపోతాయి.